పుల్లమ్మ అరచెయ్యి

మే 4

నీళ్ళు: 8,200 లీటర్లు. మర తెరిచింది: పుల్లమ్మ.

ఈ రెండో మాట రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు. పందొమ్మిదేళ్ళ పది నెలలుగా చిట్టాలో ఆ చోట ఒకటే పేరుంది. సైదాబీ. అంటే నేను. సముద్రం మీద తెప్పలు కట్టి నిలిపిన ఊరు మా తేలూరు. అందులో తెప్ప ఏడు మీద సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే మర నాది. కాగితాల్లో అది పడమటి కూటమిది, కాదనను. కానీ దాని కడుపులో ఏ గొట్టం ఎక్కడికి పోతుందో ఇక్కడి నాలుగు వందల పన్నెండు మందిలో నాకొక్కదానికే తెలుసు.

పొద్దున నమాజు చేసుకుని వచ్చి ఎప్పటిలా మర అద్దం మీద అరచెయ్యి ఆనించాను. తెరుచుకోలేదు. సబ్బుతో చెయ్యి కడుక్కుని మళ్ళీ పెట్టాను. చెంగుతో అద్దం తుడిచి పెట్టాను. అప్పుడు నా మణికట్టు పట్టీ చూసుకున్నాను. నిన్న ఆకుపచ్చగా ఉన్నది ఇవాళ పసుపుగా ఉంది.

నిన్న మధ్యాహ్నం కూటమి అధ్యక్షుడు ప్రసంగించాడు. ఎక్కడో ఎడారి దేశం మీద వాళ్ళు చేయబోయే యుద్ధం గురించి. తెలుగులోకి మార్చి తేలూరు తెప్పలన్నిటికీ మైకులో వినిపించారు. "ఈ యుద్ధం ఏ మతం మీదా కాదు" అని ఆయన అన్నాడో లేదో, వత్తులు చేసుకుంటున్న మా అత్త తలెత్తి, "ఐతే మన మీదేనే" అంది. ముసలిదాని నోటి వాక్కు తప్పలేదు. తెల్లారేసరికి భూమ్మీద ఉన్న పేర్లన్నిటినీ వాళ్ళ జల్లెడలో పోసి ఊపారు, తురకపేరు తగిలినవాళ్ళకల్లా పసుపు పడింది. పసుపు పడితే పడవ టికెట్టు లేదు, మందుల పార్శిలు రాదు, కూటమి యంత్రం ముట్టుకోవడానికి లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఇదే.

మా మర మూడు చేతులకే తెరుచుకుంటుంది. ఒకటి నాది. రెండోది పంపులు చూసే సైదారావుది. ఆయన అప్పటికే పరుగెత్తుకొచ్చాడు, ముఖం వేలాడేసుకుని.

"నేనేం పాపం చేశానమ్మా? ఇంట్లో ఎంకటేశ్వరస్వామి పటం పెట్టుకున్నవాణ్ణి. మా అమ్మకి పిల్లలు లేకపోతే సైదులు దర్గాలో మొక్కుకుంది, ఆయన పేరే పెట్టింది. దానికి నన్ను కూడా పసుపులో ఏస్తారా?"

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది. "మా అమ్మ మొక్కుకున్నదీ అదే దర్గాలో లే అన్నా, కూర్చో" అన్నాను.

మూడో చెయ్యి పుల్లమ్మది. నా తోడికోడలు. నా మరిది పెళ్ళాం. మర గది ఊడవడానికి లోపలికి రావాలి కాబట్టి ఆరేళ్ళ క్రితం నేనే మరలో దాని చెయ్యి గుర్తు రాయించాను. పులుసులోకి చింతపండు పిసుకుతున్నది ఉన్నపాటున వచ్చి, చెయ్యి పావడాకి తుడుచుకుని అద్దం మీద పెట్టింది. మర టక్కున తెరుచుకుంది.

"స్వాగతం, కొండేటి పుల్లమ్మ గారూ" అంది.

గారూ! నన్ను ఇన్నేళ్ళూ "ఆపరేటర్ ఏడు, కొనసాగండి" అనేది ఆ మర.

మే 6

నీళ్ళు: 8,150. మర తెరిచింది: పుల్లమ్మ.

ఒకే ఇల్లు, ఒకే అత్త, ఒకే నమాజు చాప. దానికి ఆకుపచ్చ, నాకు పసుపు. ఎందుకో రాస్తాను. ఈ చిట్టా కాగితం మీద రాయాలని తెప్ప పంచాయతీ నియమం. ఇన్నేళ్ళలో ఒక్కరూ చదివిన పాపాన పోలేదు కాబట్టి నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను.

మేము దూదేకులోళ్ళం. మా తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పేర్లకి ఒక పద్ధతంటూ లేదు. మా నాన్న పట్టుదల మనిషి, అన్ని కాగితాల్లోనూ షేక్ సైదాబీ అనే రాయించాడు. పుల్లమ్మ తల్లికి ముందు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగో కాన్పులో ఇది పుడితే, ఊళ్ళోవాళ్ళు చేసే పద్ధతిలోనే తిని పారేసిన పుల్లాకుల్లో దొర్లించి, చావుకి కూడా అక్కర్లేని పిల్ల అని ఆ పేరు పెట్టింది. ఇంటిపేరు కొండేటి అనే ఉంచింది. చావుని ఏమార్చడానికి పెట్టిన పేరు కూటమి జల్లెడని కూడా ఏమార్చింది.

దీంట్లో దాని గొప్పతనం ఏమన్నా ఉందా? ఎంగిలాకుల్లో దొర్లడమేగా అది చేసింది.

తీర కార్యాలయం నుంచి దేవసహాయం గారు పడవలో వచ్చాడు. మంచాయన, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉంటాడు. మరకి పది అడుగుల దూరంలో నేల మీద పసుపు గీత గీశాడు.

"ఈ గీత దాటకూడదు సైదాబీ గారూ. దాటితే ఎరుపు. ఎరుపంటే తొంభై రోజులు తీరం మీద శిబిరం. నా చేతిలో ఏం లేదమ్మా."

ఆయన పడవ కనుమరుగవగానే గీత దాటాను. దాటకపోతే ఎట్లా? పుల్లమ్మకి కవాటం ఏదో చిలక్కొయ్య ఏదో తెలియదు. మరకి చేతులు తెలుస్తాయి గాని కళ్ళు లేవు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

మే 17

నీళ్ళు: 7,900.

అది చెయ్యి పెడుతుంది, మర దానికి దణ్ణం పెట్టినంత పని చేస్తుంది, తర్వాత అది పక్కన స్టూలేసుకుని కూర్చుంటుంది. నేను గొట్టాల కింద దూరతాను. కూటమి నుంచి వడపోత దూది రావడం ఆగిపోయింది, పాతది పారేసి కొత్తది పెట్టుకోవాలని వాళ్ళ పుస్తకంలో ఉంది, కొత్తది ఎక్కడుంది? మా తాత విల్లు తీసి, ఉప్పు పట్టిన దూదిని కడిగి ఆరబెట్టి ఏకుతున్నాను. మూడు రోజులకోసారి భుజాలు పడిపోతున్నాయి. ఏకిన దూది కొత్తదానికంటే బాగా వడపోస్తోంది. ఈ సంగతి ఎవరికి తెలుసు? నాకూ, గోడకీ.

బయట చూడండి వైభవం. బెస్త కోటమ్మ పొద్దున్నే పండుగప్ప చేప తెచ్చి, "పుల్లమ్మా, నీ చేతి చలవే తల్లీ" అని దాని ఒళ్ళో పెట్టింది. పిల్లలు "నీళ్ళ పిన్ని" అంటున్నారు. నాలుగో ఇళ్ళ వరసలో పెళ్ళయితే మొదటి బిందె దాని చేత పట్టించారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

అది మాత్రం ఆ చేపని తెచ్చి నా ముందు పెట్టింది. "తల నీకక్కా, నీకిష్టం గదా" అంది. ఆ తలకాయ ముల్లు మిగలకుండా తిన్నాను. నాకు కుళ్ళుగా ఉంది. దాచిపెట్టి రాయడమెందుకు, పచ్చి కుళ్ళు.

మే 25

నీళ్ళు: 8,000.

రోజూ పదింటికి సముద్రం మీది మరల వాళ్ళం రేడియోలో లెక్కలు చెప్పుకుంటాం. నలభై ఒక్క మరలుండేవి. వాటిలో పందొమ్మిది పలకడం లేదు. జంజిబార్ రుకియా ఇవాళ దొరికింది. నాకంటే సీనియరు, మాట కటువు. ఆమె మాటల్ని రేడియో తెలుగు చేసి వినిపిస్తుంది.

"మా దీవిలో ఒక్క ఆకుపచ్చ చెయ్యి లేదు సైదా. మర మూసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఉప్పునీళ్ళు కాచి ఆవిరి పట్టి పిల్లలకి పోస్తున్నాం. డకార్‌లో మా తమ్ముడికి గుండె మందు ఆగింది. బోస్నియాలో మా పిన్ని కూతురి ఉద్యోగం పోయింది. వాళ్ళెవరూ ఎడారి దేశం మొహం చూసినవాళ్ళు కాదు."

"ఇక్కడా అంతే అక్కా. నా చెయ్యి పనికిరాకుండా పోయింది" అని మొదలుపెట్టి, పుల్లమ్మ సంగతి, చేప సంగతి, గారూ సంగతి అంతా కక్కేశాను.

 "నీకు పుల్లమ్మ ఉంది" అంది రుకియా. "దేవుడు మాకొక పుల్లమ్మని ఇవ్వలేదు. నీ ఏడుపు వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది."

నేను పుల్లమ్మని చూసి ఏడుస్తుంటే ఆమె నన్ను చూసి ఏడుస్తోంది. సిగ్గేసింది. సాయంత్రం దాకా ఉంది ఆ సిగ్గు. సాయంత్రం పంచాయతీవాళ్ళు పుల్లమ్మకి కుర్చీ తెచ్చి ఇచ్చారు, మర గదిలో స్టూలు మీద నడుం నొప్పి పుడుతుందేమోనని. సిగ్గు పోయి కుళ్ళు మళ్ళీ వచ్చింది.

జూన్ 11

నీళ్ళు: 7,850.

కూటమిలో ఎన్నికలయ్యాయి. ఇంత సముద్రం అవతల వాళ్ళు ఓట్లేసుకుంటుంటే, ఇక్కడ మేము ఏ రాష్ట్రంలో ఎన్ని లెక్కించారో పిల్లల లెక్కల వాచకం కంటే బాగా నేర్చుకున్నాం. వాళ్ళకి చెలగాటం, మాకు ప్రాణసంకటం. పాతాయన ఓడాడు. కొత్తాయన మెత్తనివాడట. గెలవగానే చేసిన ప్రసంగంలో నోరు తిరక్క తిరక్క సలాం చెప్పాడు. "ప్రపంచ ముస్లిం సోదరులకు నా హృదయంలో చోటుంది" అన్నాడు.

తెప్పంతా పండగ. మా వరసలో సేమ్యా పాయసం కాచాం. సైదారావు రెండు గ్లాసులు తాగి, "ఇంక నాకు పసుపు వదిలినట్టే" అని మూతి తుడుచుకున్నాడు. సముద్రం మధ్య నాచు తోటల్లో పనికి పోయి, పసుపు పడ్డాక పడవ టికెట్టు లేక నెల దాటి అక్కడే చిక్కుకుపోయిన మా మగవాళ్ళు ఇంక వచ్చేస్తారని పుల్లమ్మ వాళ్ళ పరుపులు ఎండబెట్టింది. నాకూ ఆశ పుట్టింది. జూలై ఒకటికి నాకు ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఇరవై ఏళ్ళు మర నడిపిన వాళ్ళకి కూటమి ఇత్తడి బిళ్ళ ఇస్తుంది. ఆలోపు నా చెయ్యి నాకు వస్తే చాలనుకున్నాను.

అత్త మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. "పాతాయన తిట్టి కొట్టాడు. ఈయన తల నిమిరి కొడతాడేమో, ముందు చూడండి" అంది.

"నీకన్నీ అపశకునాలే అత్తా" అన్నాను.

జూన్ 22

నీళ్ళు: 7,700.

యుద్ధం ఆగలేదు. జల్లెడా ఆగలేదు. కొత్తాయన దానికి ఒక మెత్తని తలుపు పెట్టాడు. ఆ తలుపు పేరు నిజాయితీ పత్రం. దేవసహాయం గారు మమ్మల్ని పసుపు గీత ఇవతల కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

"పసుపు పడ్డ ప్రతి ఒక్కరికీ పట్టీలో ఈ పత్రం వచ్చింది. జల్లెడకి చిక్కని మీ మతం వాళ్ళలో ఒక్కరి పేరు చెప్తే చాలు. చెప్పినవాళ్ళకి శాశ్వతంగా ఆకుపచ్చ."

"మరి ఆ పేరున్నోళ్ళకి?" అని అత్త అడిగింది.

ఆయన చెమట తుడుచుకున్నాడు. "దాచినందుకు ఎరుపు, అమ్మా. తొంభై రోజుల విచారణ, ఆ తర్వాత పసుపు. నేను చెప్పమనడం లేదు. కాగితం చదివి పోతున్నానంతే."

ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పుల్లమ్మ ఆ సమయంలో మర గదిలో ఉంది, కుర్చీలో. సైదారావు గొణుగుతున్నాడు, "నాకు మీ మతం వాళ్ళెవరో ఏం తెలుసు? ఆకుపచ్చకి రావాలంటే ముందు నేను తురకాణ్ణని ఒప్పుకోవాలేమో!" అని. నవ్వొచ్చింది గాని ఎవరం నవ్వలేదు.

నేను పత్రం తెరిచి చూసి మూసేశాను. ఛీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇది రాసిపెట్టుకోవాలి.

జూన్ 28

నీళ్ళు: 7,700. దూది రెండుసార్లు ఏకాను.

మా మాబున్ని బడిలో "మా ఇల్లు" అని వ్యాసం రాసింది. "మా ఇంట్లో నీళ్ళు తెచ్చేది పుల్లమ్మ పిన్ని. మా అమ్మ ఆమెకి సాయం చేస్తుంది." నా కడుపున పుట్టిన పిల్ల. దస్తూరి కూడా బాగుంది.

అది మింగాను. మధ్యాహ్నం తీరం నుంచి చిన్న పెట్టె వచ్చింది. ఇత్తడి బిళ్ళ. "తెప్ప ఏడు, ఇరవై సంవత్సరాల సేవ, కొండేటి పుల్లమ్మ." మర గంటలన్నీ ఆపరేటర్ చెయ్యికి మారతాయట, చెయ్యి మారింది కాబట్టి నా ఇరవై ఏళ్ళూ దాని ఖాతాలో పడ్డాయి. నా నడుం నొప్పి, ఉప్పుకి పగిలిన నా గోళ్ళు, మాబున్ని కడుపులో ఉండగా తుపానులో గొట్టం పట్టుకుని నిలబడ్డ నా పద్నాలుగు గంటలు, అన్నీ.

పుల్లమ్మ బిళ్ళని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "ఇది నీదక్కా. తీసుకో."

నా బిళ్ళని నాకే దానమిచ్చింది! "నాకెందుకులే, పేరు నీదుంది గదా" అని దూది ఏకుతూ కూర్చున్నాను. అది బిళ్ళని గూట్లో పెట్టి వెళ్ళిపోయింది.

అది కూడా మింగేదాన్నేమో. సాయంత్రం దూది తట్ట తీసుకుని మర గదికి వెళ్తే తలుపు దగ్గర దాని గొంతు వినపడింది. మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని పట్టీతో మాట్లాడుతోంది. స్పష్టంగా, ఒక్కో మాటా విడివిడిగా. "మర నేనొక్కదాన్నే నడుపుతున్నాను. నాకు ఎవరి సాయం లేదు. ఇంకెవరూ ఇక్కడికి రావడం లేదు."

తట్ట చేతిలోంచి జారలేదు, గట్టిగా పట్టుకున్నాను. ఎవరితో చెప్పుకుంటోంది ఈ గొప్పలు? నాచు తోటలో మొగుడితోనా, కూటమి పెద్దలతోనా? ఎడమ కవాటం తిప్పమంటే కుడిది తిప్పే మనిషి, ఒక్కదాన్నే అంటోంది! నన్ను చూసి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "వచ్చావా అక్కా" అంది. ఆ ఉలికిపాటుతో నాకు ఇంకేం అనుమానం మిగల్లేదు.

జూన్ 29

నీళ్ళు: 7,750.

చెప్పాను. పత్రం తెరిచి, కొండేటి పుల్లమ్మ, తెప్ప ఏడు, మూడో వరస అని చెప్పి అరచెయ్యి నొక్కాను. నిజమేగా చెప్పింది? నమాజు చేసే మనిషిని నమాజు చేసే మనిషి అన్నాను. కొంప మునిగేదేం లేదు, తొంభై రోజులు. నేను యాభై ఆరు రోజులు అనుభవించాను.

అన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

జూన్ 30

పొద్దున నీళ్ళు: 7,700. మర తెరిచింది: పుల్లమ్మ.

పదకొండు గంటలప్పుడు ఇద్దరం వంటింట్లో ఎదురెదురు పీటల మీద కూర్చుని చేపలు తోముతున్నాం. ముందు అదే చూసింది.

"అక్కా! నీ పట్టీ! పచ్చగయిందే! అత్తా, ఇట్రా, తొందరగా రా, అక్కది మారిపోయింది!" అంటూ ఎగిరి లేచి, పొలుసుల చేతులతోనే నన్ను వాటేసుకుంది. ఏడుస్తోంది కూడా. "నేను అంటానే ఉన్నా అల్లా దగ్గర, మా అక్క మర మా అక్కకి ఇచ్చెయ్యమని."

దాని చెయ్యి నా భుజం మీద ఉంది. పట్టీ నా కంటికి జానెడు దూరంలో ఉంది. ఎర్రగా ఉంది. అది ఇంకా చూసుకోలేదు. నేను చూస్తున్నాను. చెప్పలేకపోయాను. అత్త వచ్చి గుమ్మంలో ఆగిపోయింది, నా మణికట్టు చూసింది, దాని మణికట్టు చూసింది. ముసలిదానికి జల్లెడ పనే లేదు.

మధ్యాహ్నానికి పడవొచ్చింది. దేవసహాయం గారితో ఇద్దరు మనుషులు. పుల్లమ్మ గుడ్డలు సర్దుకుంది, తన కూతురు చిట్టెమ్మ తలకి నూనె రాసి జడ వేసింది, ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. నన్ను ఒక్క మాట అనలేదు. గుమ్మం దాటుతూ, "చిట్టికి దగ్గుంది అక్కా, పెరుగు పెట్టకు" అంది. నా మొహం చూసే అంది. తెలిసే అంది.

దాన్ని పడవలో కూర్చోబెట్టాక దేవసహాయం గారు సంతకం కోసం వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మీరేనా అమ్మా?"

పట్టీ కనపడుతూనే ఉంది, ఇంక చెప్పేదేముంది. చెంగు కప్పుకున్నాను.

"మర తెరిచే ఆకుపచ్చవాళ్ళకి వారం వారం ఒక ప్రశ్న వస్తుంది, మీకు తెలీదు" అన్నాడు. "గీత దాటి మర దగ్గరకొచ్చే పసుపువాళ్ళు ఎవరని. చెప్తే తీరం మీద ఇల్లు, పిల్లకి పెద్ద బడిలో సీటు. ఎనిమిది వారాలూ ఆమె ఒకటే జవాబు చెప్పింది. నేనొక్కదాన్నే నడుపుతున్నాను, ఇంకెవరూ రావడం లేదని. ఆమెకి కవాటాలు తెలీవని నాకు మాత్రం తెలీదా? మీ కోసమే గదా అని నేను కూడా పంపేశా, ఆ అబద్ధాన్ని అట్టాగే."

పడవ వెళ్ళిపోయింది. చేపలు తోమడం సగంలో ఉంది. మిగతావి నేనే తోమాను.

జూలై 1

నీళ్ళు: 7,800. మర తెరిచింది: సైదాబీ.

"స్వాగతం, షేక్ సైదాబీ గారూ" అంది మర. విన్నాను.

నీళ్ళకి అందరూ వచ్చారు. రాకేం చేస్తారు? బిందెలు నింపుకుని పోయారు. కోటమ్మ తన బిందె నా చేతికివ్వకుండా తనే గొట్టం కింద పెట్టుకుంది. మాబున్ని బడికి పోతూ నాతో మాట్లాడలేదు. నాచు తోటలో మరిదికి కబురు పంపాలి, ఏమని పంపాలో తెలియక పంపలేదు.

అత్త అన్నం ముందు కూర్చుని అడిగింది. "ఎందుకు చేశావే?"

"కుళ్ళుకున్నాను అత్తా. ఓర్చుకోలేకపోయాను."

"వాళ్ళు ఎక్కడో కూర్చుని మనకి రంగులు పులిమారు. పాతోడూ కొత్తోడూ కలిసే పులిమారు. అది వాళ్ళ పాపం" అంది అత్త. "చెయ్యి నొక్కింది మాత్రం నువ్వేనే." ఆ తర్వాత అన్నం కలుపుకుని తినేసి లేచింది. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 3

నీళ్ళు: 7,800.

దేవసహాయం గారికి రేడియోలో చెప్పాను. "గీత దాటింది నేనే, యాభై ఆరు రోజులూ మర నడిపింది నేనే అని రాయండి. నన్ను ఎరుపు చెయ్యండి. దాని దగ్గరికి పంపించండి."

ఆయన నన్నే తిరిగి అడిగాడు. "రాస్తానమ్మా. రాసిన పూట నుంచి ఆ మర ఎవరికి తెరుచుకుంటుంది? కొత్త చెయ్యి రాయించాలంటే ఆరు నెలలు పడుతుంది. నాలుగొందల పన్నెండు మంది ఏం తాగుతారు?"

నాలుగొందల పదకొండు అని దిద్దబోయి ఊరుకున్నాను.

ఒప్పుకోవడానికి కూడా లేదు నాకు. రుకియాకి చెప్పుకుందామని రేడియో పెడితే జంజిబార్ పలకలేదు. ఇరవై మరలు పలకడం లేదిప్పుడు.

జూలై 7

నీళ్ళు: 7,900. దూది ఏకాను.

ఇవాళ నాకు ఆకుపచ్చవాళ్ళ వారం ప్రశ్న వచ్చింది. మొదటిది. మర గదిలో ఒక్కదాన్నే ఉన్నాను.

"కొండేటి పుల్లమ్మ కుమార్తె చిట్టెమ్మ, తొమ్మిదేళ్ళు, మీ ఇంట్లో ఉంటోంది. పేరును బట్టి నిర్ధారణ కాలేదు. ఈ బాలిక మీ మతానికి చెందినదేనా? సరైన సమాచారానికి తీరం మీద ఇల్లు. తప్పుడు సమాచారానికి ఎరుపు."

పక్క గదిలో ఆ పిల్ల దగ్గుతోంది. నిన్న దానికి కలమా చెప్పించింది నేనే, వాళ్ళమ్మ లేదు గదా అని. పసుపు పడితే దాని దగ్గు మందు ఆగిపోతుంది. నేను ఎరుపైతే మర ఆగిపోతుంది. ఇంత భయం ఎనిమిదిసార్లు పడి, పడిన ప్రతిసారీ బయటికొచ్చి నాతో కలిసి చేపలు తోమింది ఆ మనిషి. చేప తలకాయ నాకే పెట్టింది.

మణికట్టు నోటి దగ్గరకి తెచ్చుకున్నాను.  రెండు గుటకలు నీళ్ళు తాగి చెప్పాను, స్పష్టంగా, ఒక్కో మాటా విడివిడిగా. "కాదు. ఆ పిల్ల తల్లి మాకు పనిమనిషిగా ఉండేది. పిల్లది వాళ్ళ నాన్న మతం, అది మాది కాదు. నా దగ్గర మా మతం వాళ్ళు ఇంకెవరూ లేరు."

పట్టీ కాసేపు ఆలోచించి, "కృతజ్ఞతలు, షేక్ సైదాబీ గారూ. వచ్చే వారం కలుద్దాం" అంది.

గొట్టం పట్టుకుని నిలబడ్డాను. చేసింది మంచిపనే అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎవరెన్ని అబద్ధాలాడామో లెక్క చూసుకున్నాను. నాది ఒకటి. పుల్లమ్మవి ఎనిమిది.